బ్యాగుకి ఒక్క స్క్రూ కావాలంటే ఏ గడప ముందు తొక్కాలి

ఖరీదైన డిజైనర్ హ్యాండ్‌బ్యాగులో ఊడిపోయేది చాలాసార్లు చిన్న ముక్కే. తాళం పలక వెనక స్క్రూ, జిప్ పుల్లర్, స్ట్రాప్ చివర కొక్కెం. ఆ ముక్క కోసం వేరే నగరానికి బయల్దేరేవాళ్లు ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. బ్రాండ్ షోరూముల్లో చాలావరకు విడిభాగాన్ని చేతికివ్వరు, బ్యాగంతా వదిలి వెళ్లమంటారు. అన్ని వేలు, లక్షలు పోసి కొన్నవాళ్లకి ఒక స్క్రూ అమ్మకపోవడం అన్యాయమే. అయినా ముందు తొక్కాల్సింది ఆ గడపే. బయటివాళ్ల చేయి పడిందని కనిపెడితే తర్వాత వాళ్లు ఆ బ్యాగును ముట్టుకోకపోవచ్చు. షోరూముకి వెళ్లాక బయటి వర్క్‌షాపుకి ఎప్పుడైనా వెళ్లొచ్చు. వర్క్‌షాపుకి వెళ్లొచ్చాక షోరూము తలుపు తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు.

అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్తే కొత్త బ్యాగు కొనేవాళ్ల వెనక కూర్చోవాల్సి వస్తుంది. తోడు వచ్చినవాళ్ల ఓపిక అక్కడే చచ్చిపోతుంది, వాళ్లని బయట తిరిగి రమ్మనడం మేలు. బ్యాగు ఇచ్చేముందు నాలుగు మూలలు, లోపలి ముద్ర, తాళం, ఉన్న గీతలు అన్నీ పగటి వెలుతురులో ఫొటోలు తీసి పెట్టుకోవాలి. రిపేరుతో పనిలేని స్ట్రాప్, తాళంకప్ప, తాళంచెవులు, గుడ్డసంచి వెంట తీసుకెళ్లొద్దు. రసీదులో ప్రతి భాగం పేరూ రాయించాలి. తీసేసిన పాత భాగం తిరిగి ఇస్తారో లేదో అడిగి, జవాబు కూడా అందులోనే రాయించాలి. కుదరదంటే ఆ తిరస్కారాన్ని మెయిల్‌లో తెప్పించుకోవాలి.

వారంటీ, సర్వీసుల విషయంలో బ్రాండు బ్రాండుకీ తేడా ఉంది. షనెల్ 2021 ఏప్రిల్ తర్వాత కొన్న హ్యాండ్‌బ్యాగులకు 5 ఏళ్ల వారంటీ పెట్టింది. బొట్టెగా వెనెటా 2022లో తెచ్చిన సర్టిఫికెట్ ఆఫ్ క్రాఫ్ట్‌తో జీవితకాలం రిపేరు మాట ఇచ్చింది. ఇలాంటి కాగితం ఉన్నవాళ్లు బయట మరమ్మతు చేయించుకోవడం శుద్ధ దండగ.

లూయి విట్టోన్ తాళంకప్పల సంగతి వేరు. కప్ప మీద చెక్కిన నంబరే తాళంచెవి మీదా ఉంటుంది, ఆ నంబరు చెవి అదే నంబరున్న ఏ కప్పనైనా తెరుస్తుంది. చెవి పోతే కప్ప పగలగొట్టక్కర్లేదు, నంబరు చెప్పి చెవి వెతుక్కోవచ్చు. అదే బ్రాండు వాషెట్టా తోలు పిడులు మాత్రం తొందరపడి మార్పించొద్దు. ఆ తోలుకి పైపూత ఉండదు, ఎండకీ చేతి జిడ్డుకీ తేనెరంగు తిరుగుతుంది. ఒక్క పిడి మారిస్తే పక్కది పాతగా, ఇది పాలిపోయి కనబడతాయి. మార్పిస్తే జతగానే మార్పించాలి. కింది పట్టీలతో రంగు కలవడానికి నెలలు పడుతుందని ముందే మనసు సిద్ధం చేసుకోవాలి.

షోరూము కాదన్నాక మంచి తోలు వర్క్‌షాపు దొరికితే ప్రాణం లేచొస్తుంది. మంచిదో కాదో రెండు ప్రశ్నల్లో తేలుతుంది. కుట్టు పాత రంధ్రాల్లోనే వేస్తారా? అంచు రంగు ఎన్ని పూతలు వేస్తారు? కొత్త రంధ్రాలు పొడిస్తే తోలు చిల్లుల వెంబడి చిరుగుతుంది. పగిలిన అంచు రంగు మీదే కొత్త పూత వేస్తే కొద్ది వాడకానికే పెచ్చులూడుతుంది. పాతది గీకి, సన్న గరుకు కాగితంతో రుద్ది, పలచటి పూత ఒకటి ఆరాక ఇంకోటి వేయాలి. అందుకే గంటలో ఇస్తామన్న చోట బ్యాగు పెట్టొద్దు. రిపేరు కోసం వేరే ఊరెళ్లి గది తీసుకుంటే వర్క్‌షాపుకి నడిచి వెళ్లేంత దూరంలో, తేదీ పొడిగించే వీలున్నదే తీసుకోవాలి.

జిప్ విషయంలో డబ్బు వృథా అయ్యేది ఎక్కువ. పళ్లని కలుపుతూ జరిగే ముక్క, అంటే స్లైడర్, దాటిపోయాక వెనక పళ్లు విచ్చుకుంటే, పళ్లు బాగుంటే, తప్పు స్లైడర్‌దే. దాని వెనక వైకేకే, రిరి, లాంపో లాంటి జిప్ కంపెనీ పేరు, సైజు సంఖ్య ఉంటాయి. మూసిన పళ్ల వెడల్పు సుమారు 5 మి.మీ. ఉంటే 5వ నంబరు. పేరు, నంబరు రెండూ కలిసిన స్లైడరే పట్టుకుంటుంది. జిప్ మొత్తం మార్చాలని ఎవరైనా పట్టుబడితే, ఏ పన్ను విరిగిందో చూపించమనాలి.

విడిభాగాలు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు కొక్కెం బయటి కొలత చూసి మోసపోతారు. కావాల్సింది పట్టీ దూరే లోపలి వెడల్పు. గొలుసైతే కడియం పొడవు, వెడల్పు, తీగ మందం మూడూ కొలవాలి. అయస్కాంతం అంటుకోలేదని ఇత్తడి అనుకోకూడదు, చౌక జింకు మిశ్రమానికీ అది అంటుకోదు. పట్టుకుంటే ఇత్తడి బరువు తెలుస్తుంది. అసలు బ్రాండుదని చెప్పే లోగో ముక్కల జోలికి పోవద్దు. నకిలీ లోగో ఒక్కటి బిగించినా, అమ్మేటప్పుడు అసలు బ్యాగునే నకిలీ అంటారు. సాదా ముక్క వేసి, విరిగిన అసలుది భద్రపరచడమే మంచిది.

స్క్రూ సొంతంగా బిగించేవాళ్లు ఒకటి పాటించాలి. సూపర్‌గ్లూ వేయకూడదు, దాని ఆవిరి మెరుగు మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. స్క్రూ వదులవకుండా మరలో వేసే జిగురు థ్రెడ్‌లాకర్. అందులో తక్కువ బలం ఉన్నదాన్ని పుల్ల మొనతో ఒక చుక్క అంటిస్తే చాలు.

మొసలి, కొండచిలువ తోలు బ్యాగును రిపేరు కోసం వేరే దేశానికి పార్శిల్ చేయాలంటే సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి అడుగుతారు. అది లేకపోతే కస్టమ్స్‌లో జప్తు కావచ్చు. మామూలు తోలైనా, రిపేరుకి వెళ్లి వస్తున్న వస్తువని కాగితం లేకపోతే తిరిగొచ్చేటప్పుడు సుంకం మళ్లీ పడొచ్చు.

తీసుకునే రోజు సంతకం చివర్లో పెట్టాలి. జిప్ పదిసార్లు లాగి, బ్యాగులో బరువు పెట్టి భుజానికి తగిలించి, గొలుసు మెలిపడుతోందేమో చూసి, తాళంచెవి తిప్పాకే కలం పట్టాలి.