కందిరీగలు రాకుండా తేనెపెట్టె గుమ్మం ఇరుకు చెయ్యాలా, సీసా ఉచ్చు కట్టాలా?

ఉద్దానం జీడితోటల్లో తేనెపెట్టెలు పెట్టినవాళ్లకి ఈ దృశ్యం తెలుసు. పెద్ద కందిరీగ గుమ్మం ముందు గాల్లో నిలబడి, మేతనుంచి వచ్చే తేనెటీగను అందుకుంటుంది. దగ్గరి కొమ్మకి వేలాడి తల, రెక్కలు కొరికేసి, మిగిలిన ముద్దను తన పిల్లలకు మోసుకుపోతుంది. చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

సీసా ఉచ్చు అంటే ఎర వేసి వేలాడదీసే సీసా. దాంతో కొన్ని కందిరీగలు చస్తాయి, కానీ వాటి గూడు అలాగే ఉంటుంది. ఎరగా బెల్లం నీళ్లు మాత్రం వద్దు, మన ఈగలే అందులో పడతాయి. చేపముక్క వేస్తే తేనెటీగలు రావు. దాన్ని తరచూ మార్చాలి, కంపు భరించాలి.

గుమ్మాన్ని సుమారు 6 మిల్లీమీటర్ల ఎత్తుకి తగ్గిస్తే ఈగ దూరుతుంది, పెద్ద కందిరీగ దూరలేదు. పిల్ల పురుగులు, తేనె భద్రం. బయట వేట ఆగదనుకోండి. అయినా మన నాటు ఈగలు ఊరుకోవు: దొరికిన కందిరీగ చుట్టూ ఉండలా మూగి, ఒంటి వేడితో చంపేస్తాయి. అందుకే నా ఓటు ముందు గుమ్మానికే. ఎండ ముదిరితే మాత్రం పెట్టెకి నీడ, గాలి చూడండి. వేట మరీ ఎక్కువైతే సీసా కూడా కట్టండి, పెట్టెలకి కాస్త దూరంగా.