స్పోర్ట్స్ కారుకు తేలిక బానెట్: ఫైబరా, అల్యూమినియమా, కార్బనా?

కారు బరువు తగ్గించాలనుకునేవాళ్ల చూపు మొదట పడేది బానెట్ మీదే. బోల్టులు విప్పితే ఊడొస్తుంది, ముందు చక్రాల మీద భారమూ తగ్గుతుంది. అయితే కొనేముందు పాత బానెట్‌కి ఓ అయస్కాంతం ఆనించి చూడండి. అంటుకోలేదంటే అది స్టీలు కాదు, చాలావరకు కంపెనీవాళ్లే అల్యూమినియం పెట్టినట్టు. మాజ్దా ఎంఎక్స్-5 అలాంటిదే. అలాంటి కారుకి బానెట్ మారిస్తే పర్సు తేలికవుతుందేమో గానీ కారు పెద్దగా కాదు.

స్టీలైతే లెక్క వేసుకోవాల్సిందే. ఘన సెంటీమీటరుకు స్టీలు 7.85 గ్రాములు, అల్యూమినియం 2.7, గ్లాస్ ఫైబర్ (ఇక్కడ ఫైబర్ అంటే ఇదే) సుమారు 1.8, కార్బన్ ఫైబర్ (ఇక్కడ కార్బన్ అంటే ఇదే) 1.6. ఈ అంకెలు చూసి ఫైబరే అల్యూమినియం కన్నా తేలిక అనుకుంటారు చాలామంది. మెలికంతా మందంలో ఉంది. స్టీలు రేకు 0.7 మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది, చదరపు మీటరుకు దాదాపు 5.5 కిలోలు. అల్యూమినియం 1 మిల్లీమీటరు వేస్తే 2.7 కిలోలు. ఫైబర్‌కి అంత బిగువు లేదు కాబట్టి మందం పెంచాలి. 3 మిల్లీమీటర్లు పోస్తే 5.4 కిలోలు, అంటే మళ్లీ స్టీలు బరువే! కార్బన్ 1.5 మిల్లీమీటర్లయితే 2.4 కిలోలు. పైపొర వరకు చూస్తే అల్యూమినియంతో తేడా ఇంతే.

అలాగని ఫైబర్‌ని తీసిపారేయలేం. 1953 నాటి షెవర్లే కార్వెట్ స్పోర్ట్స్ కారు బాడీ మొత్తం ఫైబరే. ట్రాక్ మీద తరచూ గీతలు, దెబ్బలు తగిలించుకునేవాళ్లకి ఇదే హాయి, పగిలిన చోట అతుకు వేసుకోవచ్చు. చవక రకాల్లో మాత్రం అంచులు కలవవు, కొన్నాళ్లకు పెయింట్ కింద సాలెగూడులా పగుళ్లు లేస్తాయి.

కార్బన్‌లో మోసం ఎక్కువ. ఫైబర్ మీద ఒక్క పొర కార్బన్ అంటించి అసలుదన్నట్టు అమ్ముతారు. బానెట్ తిప్పి అడుగు చూడండి, తూకం వేయించండి. అసలు కార్బన్‌కి సరైన చోటు నా లెక్కలో పైకప్పు. అంత ఎత్తులో తగ్గిన ప్రతి కిలో మలుపుల్లో కలిసొస్తుంది. 2003 బీఎండబ్ల్యూ ఎం3 సీఎస్ఎల్‌కి అందుకే కార్బన్ కప్పు పెట్టారు. కాకపోతే అది ఇంట్లో మార్చుకునే పని కాదు.

రోడ్డు మీద రోజూ తిరిగే కారుకి నా ఓటు అల్యూమినియానికే. సొట్ట తీయడం స్టీలంత సులువు కాదు, అయినా సరిగ్గా కూర్చుంటుంది, ఎండకి పసుపెక్కదు.

ఏది పెట్టినా లాక్ దగ్గర కక్కుర్తి పడొద్దు. ఫైబర్, కార్బన్ బానెట్లలో లాక్ కొక్కెం బిగించేచోట లోపల మెటల్ ప్లేటు లేకపోతే వేగానికి అది ఊడి, బానెట్ వచ్చి అద్దానికి కొట్టుకుంటుంది. రెండు పక్కలా బానెట్ పిన్నులు (మూతని పైనుంచి బిగించి పట్టే చీలలు) వేయించండి. బానెట్‌ని ఎత్తి నిలబెట్టే పాత గ్యాస్ స్ట్రట్లు కూడా మార్చాలి, స్టీలు బరువుకి పెట్టిన బలం తేలిక మూతని వంచేస్తుంది.

డోర్ల జోలికి మాత్రం వెళ్లకండి. పక్కనుంచి గుద్దితే కాచే దూలం వాటి లోపలే ఉంటుంది, చాలా తేలిక డోర్లలో అది ఉండదు. బానెట్ మార్చిన సంగతి ఇన్సూరెన్స్‌వాళ్లకి ముందే చెప్పండి.