స్టీమ్ డెక్‌కి చార్జింగ్ ఎంతసేపు వస్తుంది?

స్టీమ్ డెక్ అంటే చేత్తో పట్టుకుని కంప్యూటర్ ఆటలు ఆడుకునే చిన్న మెషీన్. నా దగ్గరున్నది 2022లో వచ్చిన మొదటి రకం, ఎల్‌సీడీ తెరది. తయారుచేసిన వాల్వ్ కంపెనీ దీన్ని మన దేశంలో నేరుగా అమ్మలేదు కాబట్టి అమెరికాలో ఉన్న మా బావ తెచ్చిపెట్టాడు. అప్పటి నుంచి రోజూ వాడుతున్నాను. చూసినవాళ్లందరూ ముందు అడిగేది చార్జింగ్ గురించే.

కంపెనీ చెప్పింది 2 నుంచి 8 గంటలు. అంత తేడా ఆటల వల్లే వస్తుంది. సైబర్‌పంక్ 2077 లాంటి బరువైన ఆట పెట్టి ఏ సెట్టింగూ మార్చకపోతే రెండు గంటలు కూడా నిలవదు. స్టార్‌డ్యూ వ్యాలీ లాంటి తేలికపాటి ఆటైతే హాయిగా ఐదు గంటలు ఆడుకోవచ్చు.

లెక్క చాలా తేలిక. బ్యాటరీ 40 వాట్ అవర్లు. కుడిపక్క మూడు చుక్కల బటన్ నొక్కి పర్ఫార్మెన్స్ ఓవర్‌లే ఆన్ చేస్తే, బ్యాటరీ నుంచి ఆ క్షణంలో ఎన్ని వాట్లు పోతున్నాయో తెర మీదే కనిపిస్తుంది. 20 వాట్లు లాగితే రెండు గంటలు, 8 వాట్లు లాగితే ఐదు గంటలు. కొత్త ఆట మొదలుపెట్టినప్పుడల్లా నేను ముందు ఆ అంకె చూస్తాను. ఇక ఎప్పుడు ఆగిపోతుందోనన్న టెన్షన్ ఉండదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది 40 హెర్ట్జ్ సెట్టింగ్. తెర సెకనుకి 60 సార్లు మారేదాన్ని 40కి దించి, ఆట సెకనుకి గీసే బొమ్మల్నీ (ఫ్రేములు) 40 దగ్గర ఆపుతాను. 60 ఫ్రేములంటే ఒక్కో బొమ్మకి దాదాపు 16.7 మిల్లీసెకన్లు, 30 అంటే 33.3. 40 అంటే 25, అంటే సరిగ్గా ఆ రెంటి మధ్య. అందుకే 30లో కనిపించే కుదుపు ఇందులో బాగా తగ్గుతుంది, బ్యాటరీ మాత్రం చాలా మిగులుతుంది. దాంతోపాటు టీడీపీని, అంటే చిప్పు వాడుకునే కరెంటు పరిమితిని, 15 నుంచి 9 వాట్లకి తగ్గిస్తే చాలా ఆటలు ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తాయి. తెర వెలుతురు తగ్గించడం వల్ల బరువైన ఆటల్లో పెద్ద తేడా రాదు, తేలికపాటి ఆటల్లో తెలుస్తుంది.

పవర్ బ్యాంకు కొనేవాళ్లు 45 వాట్ల పీడీ (పవర్ డెలివరీ అనే యూఎస్‌బీ-సీ చార్జింగ్ పద్ధతి) ఉందో లేదో చూసుకోండి. తక్కువ వాట్లదైతే బరువైన ఆట ఆడుతున్నప్పుడు అది పెట్టి ఉన్నా బ్యాటరీ తరుగుతూనే ఉంటుంది. 20000 ఎంఏహెచ్ అంటే కాగితం మీద 74 వాట్ అవర్లే, మధ్యలో పోయేది పోగా ఒక నిండు చార్జింగ్, ఇంకొంచెం వస్తుంది. సికింద్రాబాద్-విశాఖ వందేభారత్ లాంటి రైలైతే సీటు దగ్గరే ప్లగ్ ఉంటుంది, ఆ బరువు మోయక్కర్లేదు.

ఇన్నాళ్ల వాడకంలో బ్యాటరీ దాదాపు పదో వంతు తగ్గింది. డెస్క్‌టాప్ మోడ్‌లో ఇన్ఫో సెంటర్ తెరిస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఇంట్లో ఎక్కువగా చార్జర్‌కి పెట్టే ఆడతాను, మన మే నెల ఎండల్లో అది ఇంకా వేడెక్కుతుంది. అందుకే బ్యాటరీ ఇంకా అరగకుండా, 2025లో స్టీమ్‌ఓఎస్‌లో (డెక్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) చార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే సౌకర్యం వచ్చాక అది పెట్టేశాను, ప్రయాణం ఉంటేనే తీస్తాను. లోపల బ్యాటరీని గట్టి జిగురుతో అతికించారు, మార్చడం మామూలు పని కాదు. వాల్వ్ మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదే. అరిగిపోయే భాగాన్ని సులువుగా మార్చుకునేలా పెట్టాల్సింది.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు 2023లో వచ్చిన ఓలెడ్ మోడలే తీసుకోండి. 50 వాట్ అవర్ల బ్యాటరీ, తక్కువ కరెంటు తాగే 6 నానోమీటర్ చిప్పు. కంపెనీ మాట 3 నుంచి 12 గంటలు. మీరు ఆడేవి బరువైన ఆటలైతే ఆ మొదటి అంకెనే లెక్కలోకి తీసుకోండి.