కర్నూలు నుంచి చూస్తే: హైదరాబాదా, బెంగళూరా?

ఇంజినీరింగ్ పూర్తిచేసిన పిల్లలున్న ఇళ్లలో, ఉద్యోగానికి ఎటు వెళ్లాలని ఇదే చర్చ. 44వ నంబర్ జాతీయ రహదారి మీద ఉత్తరానికి దాదాపు 210 కిలోమీటర్లు వెళ్తే హైదరాబాద్, దక్షిణానికి 360 దాకా వెళ్తే బెంగళూరు.

చదువు, పరిశోధనల పునాదిలో బెంగళూరుదే పైచేయి. 1909లో సైన్స్ ఇన్‌స్టిట్యూట్, 1940లో విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్, ఆ తర్వాత ఇస్రో. స్టార్టప్ పెట్టాలనుకుంటే పెట్టుబడి పెట్టేవాళ్లూ, పనితెలిసిన వాళ్లూ అక్కడే తొందరగా దొరుకుతారు. కానీ ఊరు పెరిగినంత వేగంగా రోడ్లూ నీళ్లూ పెరగలేదు. కావేరి నీళ్లను దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, అదీ ఎత్తుకు, పంపు చేసుకోవాలి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోతే పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ల వాళ్లు కూడా ట్యాంకర్ల కోసం ఎదురుచూశారు. సాయంత్రం సిల్క్ బోర్డు జంక్షన్‌లో ఇరుక్కుంటే ఇంటికెప్పుడు చేరతామో చెప్పలేం. ఆ టెన్షన్ రోజూ ఉంటే ఎంత జీతమొచ్చినా ఏం లాభం?

హైదరాబాద్‌కు 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. కర్నూలు నుంచి కారులో వెళ్లేవాళ్లు శంషాబాద్ దగ్గర అదెక్కితే, నగరం మధ్యలోకి పోకుండానే గచ్చిబౌలి చేరతారు. ఐటీ కాస్త మందగించినా ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ కాలం నుంచి వేళ్లూనుకున్న మందుల పరిశ్రమ, బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ ఉన్నాయి. కృష్ణా, గోదావరి నీళ్లు ఇక్కడికీ దూరం నుంచే రావాలి. చెరువులు కబ్జా కాకుండా కాపాడుకోకపోతే ఈ ఊరికీ అదే గతి.

వచ్చే ఇరవై ఏళ్లకు నా ఓటు హైదరాబాద్‌కే. హిందూపురం, పెనుకొండ వాళ్ల లెక్క వేరు, వాళ్లకు బెంగళూరే దగ్గర. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ మొదలయ్యాక ఆ నగరం కోసం ఊరు వదలాల్సిన అవసరం కూడా కొందరికి తగ్గింది.