పాత టాకీసు మళ్లీ తెరవాలంటే: ఒకే పెద్ద తెరా, రెండు చిన్న తెరలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, వనపర్తి లాంటి ఊళ్లలో పాత హాలును మళ్లీ నడపాలనుకునే యజమానికి ముందుగా వచ్చే సలహా ఒకటే: "నడుమ గోడ కట్టి రెండు స్క్రీన్లు చెయ్యి." కూలగొట్టి ఫంక్షన్ హాలు కట్టమనేవాళ్లూ ఉంటారు గానీ అది జాగా లెక్క, సినిమా లెక్క కాదు. సినిమానే నడపాలనుకుంటే మన జిల్లాల హాళ్ల కొలతలకు ఒకే పెద్ద తెర మేలు. టేపు పట్టి కొలిస్తే ఎందుకో తెలుస్తుంది.

లెక్క కోసం 60 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు, 30 అడుగుల ఎత్తున్న హాలు తీసుకుందాం. దీంట్లో 46 అడుగుల వెడల్పు స్కోప్ తెర (ఎత్తుకు రెండు రెట్లకు పైగా వెడల్పుండేది) హాయిగా పడుతుంది. 85 అడుగుల దూరంలో ఉన్న ఆఖరి వరుసకు ఆ తెర 30 డిగ్రీల కోణంలో కనబడుతుంది. వెనక కూర్చున్నవాడికి కనీసం అంత ఉండాలన్నది థియేటర్ల కొలమానం. అదే హాలును నిలువునా చీల్చండి. శబ్దం ఆగాలంటే ఒక్క గోడ సరిపోదు. నడుమ ఖాళీ, రాక్‌వూల్‌తో (రాతి నారతో చేసిన దూది లాంటి పొర) జంట గోడ కావాలి, దాని రెండు వైపులా శబ్దాన్ని పీల్చే అకౌస్టిక్ ప్యానెళ్లు రావాలి. ఇవన్నీ పోను ఒక్కో హాలుకు 27 అడుగులు మిగులుతుంది. తెర 25 అడుగులే. ఆఖరి వరుసకు కోణం 17 డిగ్రీలకు పడిపోతుంది. దాన్ని సరిచేయాలంటే వెనక సగం సీట్లు వదులుకోవాలి.

ఇంకో పద్ధతి, బాల్కనీని విడిగా మూసి రెండో స్క్రీన్ చేయడం. కాగితం మీద బాగుంటుంది. కానీ బాల్కనీ ముందు అంచు గాల్లోకి పొడుచుకొచ్చిన స్లాబు. దాని కొసన 12 అడుగుల ఎత్తు, 9 అంగుళాల ఇటుక గోడ లేపితే అడుగు పొడవుకు సుమారు 500 కిలోల బరువు పడుతుంది. అసలు బరువు పడకూడని చోటు అదే. జిప్సం బోర్డు గోడైతే అడుగుకు 60 కిలోలకు మించదు, కాని కింది హాల్లోని సబ్‌వూఫర్ల (లోతైన శబ్దాన్నిచ్చే స్పీకర్ల) మోత దాంట్లోంచీ స్లాబులోంచీ పైకొస్తుంది. పైగా తెర అంచు దగ్గరే వస్తుంది కాబట్టి ముందు మూడు నాలుగు వరుసలు తీసేయాలి, లేకపోతే మెడలు పట్టేస్తాయి. 200 సీట్ల బాల్కనీలో 120 మిగిలితే గొప్ప.

రెండు తెరలకు ఒక గట్టి బలం ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. పెద్ద సినిమా లేని వారాల్లో 600 సీట్ల హాలుకు 40 మంది వస్తే కరెంటు ఖర్చు కూడా రాదు. 2024 మేలో సినిమాలు లేక తెలంగాణ సింగిల్ స్క్రీన్ థియేటర్లు పది రోజులు మూసుకున్నాయి. చిన్న తెర ఉంటే అలాంటి వారాలు గడుస్తాయి. అందుకని హాలు వెడల్పు 80 అడుగులు దాటితే చీల్చడం ఆలోచించవచ్చు. అంత లేకపోతే, సైకిల్ స్టాండు వైపో వెనక జాగాలోనో విడి పునాదితో 80–100 సీట్ల చిన్న హాలు కట్టుకోవడం మేలు. పాత గోడకు ఆనించొద్దు. ఆనించితే మోత నేరుగా దాటుతుంది.

టికెట్ లెక్క కూడా పెద్ద హాలు వైపే ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల దాకా ఉన్న టికెట్‌పై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, వంద దాటితే 18. ఒకే హాల్లో కింది తరగతి వంద లోపు, బాల్కనీ పైన పెట్టుకునే వీలు ఉంటుంది. కూలి చేసుకునే కుటుంబం, కారులో వచ్చే కుటుంబం ఒకే సినిమాను ఒకే చప్పట్ల నడుమ చూసే చోటు ఊళ్లో ఇంకొకటి లేదు. దాన్ని కాపాడుకోవాలి.

ఇక ఒకే తెర అనుకున్నాక డబ్బు ఎక్కడ పోయాలి? చాలామంది ప్రొజెక్టరుతో మొదలుపెడతారు. పైకప్పుతో మొదలుపెట్టాలి. పాత ఆస్‌బెస్టాస్ రేకులను పగలగొట్టకుండా, నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి దించాలి. దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. వాటి స్థానంలో 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య నురుగు నింపిన పలక) వేడిని ఆపుతుంది గానీ వాన చప్పుడును ఆపదు. ఆషాఢంలో ఒక్క జల్లు పడితే మాటలు వినబడవు. కింద రాక్‌వూల్, రెండు పొరల జిప్సం బోర్డుతో సీలింగ్ కావాలి. ఆ సీలింగ్ ఒక్కటే 6,000 చదరపు అడుగులకు 13–14 టన్నులు. పాత ట్రస్సులు (పైకప్పును మోసే చట్రాలు) రేకుల బరువుకు వేసినవి. స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క కట్టకుండా ఒక్క హ్యాంగరు కూడా వేలాడదీయొద్దు.

తర్వాత ధ్వని. నున్నటి గచ్చు గోడల మధ్య ఎంత ఖరీదైన స్పీకర్లు పెట్టినా మాట మీద మాట పడి ముద్దగా వినిపిస్తుంది. ఈ సైజు హాల్లో ప్రతిధ్వని ఒక సెకను దగ్గర ఆగాలంటే, మెత్తటి సీట్లు పీల్చుకున్నది పోను దాదాపు 6,500 చదరపు అడుగుల ప్యానెలింగ్ అవసరం: వెనక గోడ మొత్తం, పక్క గోడల్లో మూడొంతులు. 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్‌ను గోడకు అతికించకుండా వెనక రెండంగుళాల గాలి వదిలితే కింది స్థాయి మోత కూడా తగ్గుతుంది. ముందు వెనక గోడ చేయండి. తెర నుంచి వచ్చిన శబ్దం మళ్లీ ముందు వరుసలకు తిరిగొచ్చేది అక్కడినుంచే.

తెర తెల్లదా, సిల్వరా? 3డీ తప్పనిసరి కాకపోతే తెల్లదే. సిల్వర్ తెర తక్కువ ల్యూమెన్లతో (ప్రొజెక్టరు వెలుగు కొలత) వెలుగునిస్తుంది, కాని నడుమ మెరిసి, పక్క సీట్లకు అంచులు నల్లబడతాయి. వెడల్పైన మన హాళ్లలో అది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. 46 అడుగుల తెల్లతెరకు 14 ఫుట్‌లాంబర్టుల (తెర నుంచి కంటికొచ్చే వెలుగు కొలత) వెలుగు రావాలంటే తెర మీదే 12,400 ల్యూమెన్లు పడాలి. స్కోప్ బొమ్మకు ప్రొజెక్టరు చిప్‌లో పైనా కిందా వాడకుండా పోయే వెలుగు, ప్రొజెక్టరు గది కిటికీ అద్దం తినేది, కాలంతో తగ్గేది కలిపితే 20,000 ల్యూమెన్ల యంత్రం తీసుకోవాలి. లేజర్ మొదట ఖరీదైనా, రోజుకు నాలుగు ఆటలు నడిచేచోట జెనాన్ బల్బులు మారుస్తూ పోవడం కన్నా నయం. బల్బు అరిగేకొద్దీ బొమ్మ మసకబారుతుంది, ఖర్చని మార్చరు, ప్రేక్షకుడు రావడం మానేస్తాడు.

ఏసీకి 600 సీట్లకు 45 టన్నుల దాకా కావాలి. ఒకే పెద్ద యంత్రం కాకుండా 11 టన్నుల డక్టబుల్స్ (గొట్టాల ద్వారా చల్లగాలి పంపే ఏసీలు) నాలుగు పెట్టండి. జనం పల్చగా ఉన్న ఆటకు బాల్కనీ ఒక్కటే తెరిచి ఒకటో రెండో నడపొచ్చు. రెండో తెర లేని లోటు సగం ఇక్కడే తీరుతుంది. ఏసీ యంత్రాన్ని నీళ్లతో చల్లబరిచే వాటర్ కూలింగ్ జోలికి పోవద్దు. మన బోరు నీళ్లకు కండెన్సర్ గొట్టాల్లో సున్నం పేరుకుని, ఎండాకాలంలోనే మొరాయిస్తుంది.

సీట్ల దగ్గర ఆశ పడకూడదు. పాత 33 అంగుళాల వరుస దూరాన్ని 43కు పెంచితే 800 సీట్లు 600కు దిగుతాయి. కాళ్లు చాపి వాలే రిక్లైనర్లకు వరుస దూరం ఏడడుగుల దాకా పోతుంది, ఒకటి రెండు వరుసలు చాలు. తగ్గిన సీట్లను నడవల్లో ఇరికించి రాబట్టుకోవాలని చూడొద్దు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్లో ట్రాన్స్‌ఫార్మర్ మంటల పొగకు 59 మంది చనిపోయారు. బాల్కనీలో అదనపు సీట్ల కోసం నడవ దారి మూసేయడం దానికి ఒక కారణం. ట్రాన్స్‌ఫార్మరు, జనరేటరు హాలుకు దూరంగా విడి షెడ్డులో పెట్టి, పాత వైరింగు మొత్తం పీకేయాలి. సీట్ల ప్లాను మారితే లైసెన్సు ప్లాను కూడా మారుతుంది కాబట్టి, ఫైరు, ఎలక్ట్రికల్ శాఖలకు డ్రాయింగులు చూపించాకే మేస్త్రీని పిలవండి. గోడ లేపాక వాళ్లు వద్దంటే ఆ ఖర్చంతా బూడిదలో పోసినట్టే.