పాత చెరోకీ ట్రాన్స్‌ఫర్ కేస్ లివర్: బుష్‌లు మార్చాలా, కేబుల్ వేయాలా?

చలికాలం దగ్గరపడిందంటే అమెరికాలో పాత జీప్ చెరోకీ నడిపే మన తెలుగువాళ్ల నుంచి నాకు వచ్చేది ఒకటే ప్రశ్న. ‘అన్నా, 4 లో సరిగ్గా పడటం లేదు. పడినా ఎత్తు ఎక్కేటప్పుడు జారి న్యూట్రల్‌లోకి వచ్చేస్తోంది. లింకేజీ బుష్‌లు మార్చమంటావా, మొత్తం పీకేసి కేబుల్ కిట్ వేయించమంటావా?’ ట్రాన్స్‌ఫర్ కేస్ అంటే గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె. దాని లివర్‌కి 2 హై (రెండు చక్రాలకే శక్తి), 4 హై (నాలుగింటికీ), న్యూట్రల్, 4 లో (నాలుగింటికీ, తక్కువ వేగం ఎక్కువ లాగుడు) అనే స్థానాలు ఉంటాయి. లివర్‌ని కేస్‌కి కలిపే రాడ్లే లింకేజీ, వాటి కీళ్లలో ఉండే చిన్న తొడుగులే బుష్‌లు. కేబుల్ కిట్ అంటే ఆ రాడ్ల బదులు వేసే కేబుల్. ఇది 1984 నుంచి 2001 దాకా వచ్చిన ఎక్స్‌జే మోడల్ చెరోకీ గురించి. అందులోనూ 1987 నుంచి వేసిన 231 ట్రాన్స్‌ఫర్ కేస్ బండ్ల గురించే ఎక్కువగా అడుగుతారు. 242 ఉన్నవాళ్లకు కూడా ఇక్కడ చెప్పేది చాలావరకు పనికొస్తుంది. ఏది ఉందో తెలియకపోతే కేస్ వెనక భాగానికి బిగించిన గుండ్రటి ట్యాగ్ తుడిచి చూడండి, మోడల్ నంబరు దాని మీదే ఉంటుంది.

ఖర్చు సంగతికి వెళ్లేముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో ఉంటే ఆటోమేటిక్ గేరు ‘పార్క్’లో పెట్టినా బండి ఆగదు. పార్క్ పట్టుకునేది గేర్‌బాక్స్ షాఫ్టుని. దాని తర్వాత ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర బంధం తెగిపోతే చక్రాలను పట్టుకునేది హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే. లింకేజీ లూజుగా ఉన్న బండిలో లివర్ 4 లో దగ్గర కనిపిస్తుంది, లోపల కేస్ మాత్రం న్యూట్రల్‌లో ఉంటుంది. వాలులో ఆపి పిల్లల్ని లోపల ఉంచి దిగితే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే ఇది తీరిక దొరికినప్పుడు చూద్దాంలే అని వదిలేసే పని కాదు. కిందకు దూరి పని చేసేటప్పుడు కూడా చక్రాలకు అడ్డం కట్టెలు పెట్టకుండా పని మొదలుపెట్టకండి.

ఇక అసలు విషయం. ఏది కొనాలో తేల్చుకునే ముందు తప్పు లింకేజీలో ఉందా, కేస్ లోపల ఉందా అని చూడాలి. రాడ్డుని కేస్ దగ్గర విడదీసి, కేస్‌కే ఎడమ పక్కన ఉండే చిన్న లివర్‌ని (రేంజ్ లివర్) చేత్తోనే ఒక్కో స్థానంలోకి కదపండి. ప్రతి స్థానంలోనూ టక్కుమని స్పష్టంగా కూర్చుంటే లోపల దాదాపు బాగున్నట్టే. అలా కూర్చోకపోయినా, లింకేజీ ఏ లోపమూ లేకుండా ఉండి కూడా లోడ్ మీద 4 లో నుంచి జారిపోతున్నా, లోపల గేర్లను జరిపే షిఫ్ట్ ఫోర్క్‌లకు ఉండే ప్లాస్టిక్ ప్యాడ్లు అరిగి ఉండొచ్చు. అప్పుడు బుష్‌లూ కేబులూ రెండూ దండగే, కేస్ విప్పాల్సిందే. ఇంకొకటి. పొడి రోడ్డు మీద 4 హైలో తిప్పాక లివర్ బిగుసుకుపోతే అది లింకేజీ తప్పు కాదు, ముందు వెనక షాఫ్టుల మధ్య బిగువు పట్టింది. కొద్ది దూరం వెనక్కి నడిపితే వదిలేస్తుంది. 4 లోలోకి కూడా బండి గంటకు 3 నుంచి 5 కిలోమీటర్ల వేగంతో మెల్లగా దొర్లుతుండగా, గేరు న్యూట్రల్‌లో ఉంచి వేయాలి. పూర్తిగా ఆపి వేస్తే పళ్లకు పళ్లు అడ్డుపడి లోపలికి వెళ్లకపోవచ్చు. చాలామంది దీన్ని కూడా లింకేజీ మీదకే నెట్టేస్తారు.

తప్పు లింకేజీదే అని తేలితే, నా దృష్టిలో నిర్ణయం ఒక్క విషయం మీదే ఆధారపడుతుంది: మీ బండిలో బాడీకీ ఇంజిన్‌కీ మధ్య కదలిక ఎంత ఉంది?

ఎక్స్‌జేకి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. లివర్ ఆ బాడీ నేలకు బిగించి ఉంటుంది. ఇంజిన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ మూడూ ఒకే ముద్దగా రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటాయి. యాక్సిలరేటర్ తొక్కగానే ఆ ముద్ద ఒక పక్కకు మెలితిరుగుతుంది. లివర్ కదలికను కేస్‌కి చేర్చడానికి మధ్యలో అడ్డంగా ఉండే జెడ్ బార్ అనే కడ్డీ ఒక కొస బాడీ మీద, రెండో కొస ట్రాన్స్‌ఫర్ కేస్ మీద ఆనుకుని ఉంటుంది. కాబట్టి ఇంజిన్ తిరిగినప్పుడల్లా మీరు లివర్ ముట్టుకోకపోయినా రాడ్డు లాగినట్టు అవుతుంది. మౌంట్లు గట్టిగా, ఎత్తు కంపెనీ ఇచ్చినట్టే ఉంటే ఈ లాగుడు చాలా తక్కువ. మౌంట్ల రబ్బరు చిరిగిపోతే మాత్రం, నిటారు ఎత్తులో 4 లోలో గట్టిగా తొక్కిన క్షణంలోనే లివర్ జారుతుంది. మన దగ్గరి పాత మహీంద్రా సీజే జీపులు నడిపినవాళ్లకు ఈ బాధ తెలియదు. వాటి స్పైసర్ 18 కేస్‌కి లివర్లు కేస్ మీదే ఉంటాయి, ఇంజిన్ ఎటు తిరిగితే అవీ అటే తిరుగుతాయి. అక్కడ గేరు జారితే తప్పు లోపలి స్ప్రింగులు, బంతులు, రాడ్ల అరుగుదలలో వెతుక్కోవాలి.

అందుకని ముందు మౌంట్లు చూడండి. బానెట్ తెరిచి, ఒకరు బ్రేకు గట్టిగా తొక్కిపట్టి డ్రైవ్‌లో, తర్వాత రివర్స్‌లో కొంచెం రేజ్ ఇస్తే ఇంజిన్ ఎంత ఎగురుతుందో తెలిసిపోతుంది. చూసేవాళ్లు బండికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడాలి. గేర్‌బాక్స్ కింద ఉండే మౌంట్‌ని కూడా మర్చిపోవద్దు. లింకేజీకి దగ్గరగా ఉండేది అదే. చిరిగిన మౌంట్ మీద కొత్త బుష్‌లు వేస్తే కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు ‘కంపెనీ లింకేజీయే చెత్త’ అని పేరు పెట్టి కేబుల్‌కి పరిగెత్తేవాళ్లు చాలామంది.

మౌంట్లు బాగుంటే నా మొగ్గు స్పష్టంగా కంపెనీ లింకేజీ వైపే. బుష్‌ల సెట్ చవక. రాడ్లు విప్పి, తుప్పు గీకి, కొత్త బుష్‌లు వేసి, గ్రీజు పెట్టి, తర్వాత అడ్జస్ట్ చేయాలి. ఈ చివరి మెట్టు వదిలేసేవాళ్లే ఎక్కువ. లివర్‌ని 4 లోలో పెట్టి, కింద ట్రనియన్ (రాడ్డుని పట్టి ఉంచే చిన్న ముక్క) లాక్ బోల్టు వదులు చేయాలి. రాడ్డు అందులో తేలిగ్గా జారుతోందో లేదో చూడాలి, తుప్పు పట్టి ఉంటే నూనె కొట్టి కదిలించాలి. కేస్ రేంజ్ లివర్ 4 లోలో పూర్తిగా కూర్చుందని చేత్తో నిర్ధారించుకున్నాకే బోల్టు బిగించాలి. చాలా బండ్లకు బుష్ కూడా మార్చకుండా ఈ ఒక్క పనితోనే రోగం కుదురుతుంది. పైగా రాడ్ల లింకేజీలో గేరు పడిన టక్కు చేతికి సూటిగా తెలుస్తుంది. నాకు ఆ స్పర్శ చాలా ముఖ్యం, న్యూట్రల్ భయం ఉన్న కేస్‌లో మరీ ముఖ్యం. ప్లాస్టిక్ బదులు ఇత్తడి, కంచు బుష్‌లు వేయించుకోవచ్చు. ఎక్కువ మన్నుతాయి, కానీ గ్రీజు అడుగుతాయి, కొంచెం గలగలమంటాయి.

బండి ఎత్తు పెంచినవాళ్ల కథ వేరు. లిఫ్ట్ వేశాక వెనక షాఫ్టు వణుకు తగ్గించడానికి క్రాస్‌మెంబర్‌కి (గేర్‌బాక్స్‌ని కింద మోసే అడ్డపట్టీ) స్పేసర్లు పెట్టి ట్రాన్స్‌ఫర్ కేస్‌ని కిందకు దించుతారు. కేస్ దిగింది, లివర్ పైనే ఉంది, దాంతో జెడ్ బార్ కోణం చెడుతుంది. కొద్దిగా దించితే అడ్జస్ట్‌మెంట్‌తో సరిపోవచ్చు. అంతకు మించితే ఎంత తిప్పినా 2 హై కుదిరితే 4 లో కుదరదు. ఇక్కడ కేబుల్ నిజంగా గెలుస్తుంది. కేస్ ఎంత దిగినా, ఇంజిన్ ఎంత మెలితిరిగినా మెత్తని కేబుల్‌కి పట్టదు. జెడ్ బారే ఉండదు కాబట్టి కింద చోటు కూడా కలిసొస్తుంది. రాళ్లలో నడిపేవాళ్లు కేబుల్ వేసుకుంటే నేను అడ్డుచెప్పను.

కానీ దానికీ షరతులు ఉన్నాయి. బుష్‌లతో పోలిస్తే ఖరీదు చాలా ఎక్కువ. కేబుల్‌ని సైలెన్సర్ పైపుకు దూరంగా, వంపులు వెడల్పుగా ఉండేలా పోనివ్వాలి. వేడికి తొడుగు కరిగినా, వంపు ఇరుకైనా లివర్ బరువెక్కుతుంది. కొసల్లోని రబ్బరు బూట్లు చిరిగితే నీళ్లు, రోడ్డు మీద చల్లే ఉప్పు లోపలికి పోతాయి. గట్టి చలిలో ఆ నీరు గడ్డకడితే సరిగ్గా మంచులో 4 హై కావలసిన పొద్దున్నే లివర్ కదలదు. కిట్ కొనేటప్పుడు మీది 231 ఆ 242 ఆ అన్నది చూసుకోండి, రెండింటి స్థానాలు వేరు.

జంక్‌యార్డ్ నుంచి పాత లింకేజీ తెచ్చుకోవడం జెడ్ బార్ వంగిపోయినప్పుడు మాత్రమే పనికొస్తుంది, దాని బుష్‌లూ మీ వాటి వయసువే. జిప్ టై, బైండింగ్ వైరు ఇంటికి చేరడానికి, అంతే.

నా చెరోకీ ఎత్తు పెంచలేదు, వాడకం మంచు రోడ్లు, అడవి దారులు. ఈ మధ్యే గేర్‌బాక్స్ మౌంట్, లింకేజీ బుష్‌లు కలిపి మార్చి కంపెనీ రాడ్లే ఉంచుకున్నాను. మీది కూడా అలాంటి బండే అయితే అదే చెబుతాను. స్పేసర్లు పెట్టి కేస్ దించి ఉంటే, ఆ స్పేసర్లు నిజంగా అవసరమా అని ముందు చూడండి, అవసరమే అయితే కేబుల్‌కి వెళ్లండి. రెండిట్లో ఏది వేసినా, పని అయ్యాక ఖాళీ చోట 4 లోలో వేసి కొద్దిపాటి ఎత్తు ఎక్కించండి. ఆపాక లివర్ ముట్టుకోకుండా, కట్టెలు పెట్టి కిందకు దూరి కేస్ రేంజ్ లివర్ ఇంకా చివరిదాకా కూర్చునే ఉందా అని చూడండి. కొంచెం వెనక్కి వచ్చి ఉంటే ట్రనియన్ దగ్గరో కేబుల్ నట్టు దగ్గరో మళ్లీ సరిచేసి, ఇంకోసారి ఎక్కించి చూడాలి.