డిప్రెషన్‌కి కెటమైన్: రెండో ఏడు నడుస్తున్న ఒక మిర్యాలగూడ పేషెంట్ సమీక్ష

కెటమైన్ నాకు పనిచేసింది. ఫోన్ చేసేవాళ్లంతా మొదట అడిగేది అదే కాబట్టి ఆ మాట ముందే చెబుతున్నా. కానీ ఎంత పనిచేసింది, ఎన్ని రోజులు నిలిచింది, నిలబెట్టుకోవడానికి ఇంకేం చేయాల్సి వచ్చింది అన్నది వినకుండా ఫోన్ పెట్టేస్తే సగం సంగతే తెలిసినట్టు. నాది మిర్యాలగూడలో ఎరువులు, పురుగుమందుల దుకాణం. హైదరాబాద్‌లో కెటమైన్ ఎక్కించుకోవడం మొదలుపెట్టి రెండో ఏడు నడుస్తోంది. నేను డాక్టర్‌ని కాదు. పేషెంట్‌గా చూసింది, అడిగి తెలుసుకున్నది రాస్తున్నా.

ఇది మొదటి మందు కాదన్నది ముందుగా తెలియాలి. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు సరిగా రాని ఏడు, ఉద్దెరకు ఇచ్చిన ఎరువుల డబ్బులు రైతుల దగ్గరే ఆగిపోయినప్పుడు నాకు మనాది పట్టుకుంది. డబ్బులు కొంత వసూలైనా మనాది పోలేదు. అమ్మ జాన్‌పహాడ్ దర్గాకు మొక్కింది, తీసుకెళ్లింది కూడా. నల్గొండలో మానసిక వైద్యుడు మొదట ఎస్సిటలోప్రామ్ ఇచ్చారు. పూర్తి డోసుకు వెళ్లి చాలా వారాలు చూశాక వెన్లఫాక్సిన్‌కి మార్చారు. దానికి మిర్టాజపిన్ కలిపారు. నిద్ర కొంచెం వచ్చింది, అంతే. రెండు రకాల మందులు సరైన డోసులో, సరిపడా వారాలు వాడినా తగ్గని డిప్రెషన్‌కే సాధారణంగా ఈ చికిత్స గురించి ఆలోచిస్తారు. పది రోజులు గోళీలు మింగి, 'నాకు పడలేదు' అని ఆపేసినవాళ్లు ఆ లెక్కలోకి రారు. నా కేసులో ఆయన హైదరాబాద్‌కి చీటీ రాసింది అన్నీ చూసిన తర్వాతే.

మందు కొత్తదేం కాదు. 1962లో అమెరికాలో తయారైంది. 1970లో అక్కడ ఆపరేషన్లకు మత్తుమందుగా అనుమతి వచ్చింది. ఇప్పటికీ మన ఆస్పత్రుల్లో ఎముక సరిచేసేటప్పుడు, పిల్లలకు చిన్న ఆపరేషన్లు చేసేటప్పుడు వాడుతూనే ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో కూడా ఉంది. డిప్రెషన్‌కి పనికొస్తుందని గట్టిగా గమనించింది 2000లో యేల్ యూనివర్సిటీ డాక్టర్లు, అదీ కొద్దిమంది రోగుల మీద చేసిన చిన్న ప్రయోగంలో. మామూలు డిప్రెషన్ గోళీలు ఎక్కువగా మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేస్తాయి, ఫలితానికి వారాలు పడుతుంది. ఇది గ్లూటమేట్ అనే ఇంకో రసాయనం దారిలో వెళ్తుంది, గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో తేడా చూపించగలదు. దీని దగ్గరి చుట్టం ఎస్‌కెటమైన్ ముక్కు స్ప్రేకి 2019లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. సెలైన్‌లో ఎక్కించే మామూలు కెటమైన్‌కి మాత్రం డిప్రెషన్ పేరుతో అక్కడ కూడా అనుమతి లేదు, డాక్టర్లు తమ విచక్షణతో వాడతారు. నా దగ్గర సంతకం తీసుకున్న కాగితంలో ఆ సంగతి స్పష్టంగా రాసి ఉంది. మీకిచ్చే కాగితంలో లేకపోతే అడగండి.

హైదరాబాద్ ఆస్పత్రిలో నాకు నచ్చిన భాగం ముందస్తు పరీక్షలు. విసుగొచ్చేంత సేపు అడిగారు. బీపీ, ఈసీజీ, థైరాయిడ్, లివర్, మూత్రం అన్నీ చూశారు. ఎప్పుడైనా లేని మాటలు వినిపించాయా, లేని మనుషులు కనిపించారా అని నన్ను అడిగారు, మళ్లీ విడిగా మా ఇంటామెను అడిగారు. స్కిజోఫ్రెనియా లాంటి జబ్బు ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ చేటు చేయవచ్చు. అదుపులో లేని బీపీ, రక్తనాళం ఉబ్బిన జబ్బు, గర్భం, మత్తు అలవాటు ఉంటే సాధారణంగా వద్దంటారు. బైపోలార్ (మనసు కొన్నాళ్లు మరీ ఉప్పొంగి, కొన్నాళ్లు మరీ కుంగే జబ్బు) ఉంటే ఆలోచించి, ఇతర మందుల అండతోనే ఇస్తారు.

తాగుడు గురించి అడిగినప్పుడు మా తమ్ముడు, 'సారు, మావోడు మందు ముట్టడు, ఎప్పుడన్న కల్లు తప్ప' అన్నాడు. మేం అది లెక్కలోకే రాదనుకుంటాం. డాక్టర్ మాత్రం పెన్ను పక్కన పెట్టి, 'చెట్టు కల్లా, దుకాణం కల్లా?' అని అడిగారు. మా నల్గొండ, పాలమూరు వైపు దుకాణాల్లో అమ్మే కల్లులో ఆల్ప్రాజోలం అనే మగత మందు కలుపుతారన్నది అందరికీ తెలిసిన రహస్యమే. ఆ జాతి మందు ఒంట్లో ఉంటే కెటమైన్ ప్రభావం మందగించవచ్చు, రెండూ కలిసి మగత పెరుగుతుంది. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు, అందుకే దాన్ని ముందు డాక్టర్ పర్యవేక్షణలో తగ్గించుకోవాలి. మనవైపు పేషెంట్లు దాచిపెట్టకూడని విషయం ఏదైనా ఉందంటే ఇదే. నిద్రగోళీలకు కూడా ఇదే లెక్క.

ఇంకొకటి. నేను అమ్మేది పురుగుమందులని తెలిసిన వెంటనే డాక్టర్ దుకాణం తాళంచెవులు తమ్ముడికి ఇప్పించారు. నాకు తగ్గేదాకా కౌంటర్‌లో ఒక్కడినే కూర్చోవద్దన్నారు. ఆ రోజు నాకు అవమానంగా అనిపించింది. ఇప్పుడు మా వైపు ఎవరికి డిప్రెషన్ అని విన్నా, ఇంట్లో పొలం మందులు ఎక్కడ పెట్టారని మొదట అడుగుతున్నా.

ఇదంతా రాయడానికి కారణం ఉంది. ఈ ఆస్పత్రికి ముందు కెటమైన్ కోసం ఇంకో చోటికి కూడా వెళ్లాం. పేరు అనవసరం. అక్కడ సోఫాలు బాగున్నాయి, గోడ మీద నక్షత్రాల బొమ్మలున్నాయి. బీపీ చూసేలోపే ప్యాకేజీ చెప్పి, మొత్తం ముందే కడితే తగ్గింపు ఇస్తామన్నారు. ఎక్కించేటప్పుడు పక్కన ఎవరుంటారని తమ్ముడు అడిగితే, 'స్టాఫ్ ఉంటారు' అన్నారు. గుండె, ఊపిరి చూసుకోగలిగిన మత్తు డాక్టర్ (అనస్థటిస్ట్) అందుబాటులో లేని చోట ఈ సూది వేయించుకోవద్దన్నది నా గట్టి అభిప్రాయం.

ఎక్కించే రోజు సంగతి. కొన్ని గంటల ముందు నుంచి తిండి ఉండదు. చేతికి క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం), వేలికి క్లిప్పు, ఇంకో చేతికి బీపీ పట్టీ పెడతారు. బరువును బట్టి, కిలోకు అర మిల్లీగ్రాము చొప్పున, దాదాపు 40 నిమిషాల పాటు సిరంజి పంపుతో నెమ్మదిగా పంపుతారు. ఆపరేషన్‌కి ఇచ్చే డోసు కంటే ఇది బాగా తక్కువ. మొదట్లో వారానికి రెండు చొప్పున ఆరు విడతలు ఇవ్వడం చాలా చోట్ల పద్ధతి, నాకూ అదే చేశారు.

నిద్ర పట్టదు. పది నిమిషాలకు పెదాలు మొద్దుబారుతాయి. ఫ్యాన్ చప్పుడు ఎక్కడో పక్క వీధిలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. కాళ్లు నావేనా అని అనుమానం వస్తుంది. గడియారం చూస్తే మూడు నిమిషాలే గడిచి ఉంటాయి, నాకేమో పూట గడిచినట్టు ఉంటుంది. ఒకసారి బయట ఎవరిదో ఫోన్ గట్టిగా మోగితే భయం మీదపడింది, ఇక వెనక్కి రానేమో అనిపించింది. నర్సు చెయ్యి పట్టుకుని, 'అన్నా, మందు ప్రభావం ఇది, కాసేపట్లో దిగిపోతది' అని చెప్తూనే ఉంది. దిగిపోయింది. ఆ విడతలోనే పై బీపీ 160 దాటింది. కొంచెం ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టారు. మానిటర్ ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. కొందరు ఆ నలభై నిమిషాల్లో దేవుడు కనిపించాడని, జీవితం అర్థమైందని చెబుతారు. నాకేం కనిపించలేదు, అయినా ఫలితం వచ్చింది. కాబట్టి వింతలేం కనిపించకపోతే మందు పనిచేయలేదని కంగారు పడొద్దు.

అయిపోయాక రెండు గంటలు అక్కడే ఉంచుతారు. తల తిరగడం, వికారం సహజం. చౌటుప్పల్ దాటకముందే వాంతి అయింది ఒకసారి, ఆ తర్వాత నుంచి వాంతుల సూది ముందే వేస్తున్నారు. ఆ రోజు బండి నడపొద్దు, రాత్రి నిద్రపోయి లేచేదాకా వద్దు. మిర్యాలగూడ నుంచి అద్దంకి రోడ్డు మీద నార్కట్‌పల్లి, అక్కడి నుంచి విజయవాడ హైవే మీద ఎల్‌బీనగర్ దాకా పోయి రావడానికే రోజు సరిపోతుంది. బస్సులో ఒంటరిగా తిరిగి రావచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. మొదటి విడతలన్నీ అయ్యేదాకా ఎల్‌బీనగర్‌లో మేనత్త ఇంట్లో ఉండిపోవడం మాకు కలిసొచ్చింది. చుట్టాలు లేనివాళ్లు గది అద్దె కూడా లెక్కలో వేసుకోవాలి.

ఫలితం రెండో విడత తర్వాత తెలిసింది. సంతోషం ఉప్పొంగిందని చెప్పను. పొద్దున లేచి ఎవరూ చెప్పకుండా స్నానం చేశాను. అత్త చేసిన పచ్చిపులుసులో పులుపు తెలిసింది. తమ్ముడు, 'అన్నా, ఇయ్యాల నువ్వే ఫోన్ ఎత్తినవ్' అన్నాడు. చచ్చిపోవాలన్న ఆలోచన అప్పటిదాకా ప్రతిరోజూ, రోజంతా పక్కనే కూర్చుని ఉండేది. ఆ వారం దాన్ని వెతికితే తప్ప కనిపించలేదు. గోళీలతో ఎన్నడూ రాని తేడా అది.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. ఆరు విడతలు అయిపోయి ఇంటికొచ్చాక కొన్ని వారాల్లోనే మళ్లీ మసక కమ్మడం మొదలైంది. ఒక్క విడత ప్రభావం చాలామందిలో వారం, రెండు వారాల్లో కరిగిపోతుంది. వరుసగా ఇస్తే ఇంకాస్త నిలుస్తుంది. అమెరికాలో కెటమైన్‌నీ షాక్ ట్రీట్‌మెంట్‌నీ పోల్చి 2023లో ప్రచురించిన పెద్ద పరిశీలన ఉంది. అందులో కెటమైన్ తీసుకున్నవాళ్లలో 55 శాతం మందికి, షాక్ తీసుకున్నవాళ్లలో 41 శాతం మందికి మెరుగు కనిపించింది. ఈ అంకె చెప్పి అందరూ ఆపేస్తారు. అలా కెటమైన్‌తో మెరుగైనవాళ్లలో కూడా ఆరు నెలల్లో మూడింట ఒక వంతు మందికి జబ్బు తిరగబెట్టింది. పైగా అందులో భ్రమలతో కూడిన డిప్రెషన్ ఉన్నవాళ్లను తీసుకోలేదు. ఆస్పత్రిలో చేరిన రోగుల మీద స్వీడన్‌లో చేసిన పరిశీలనలో షాక్‌దే పైచేయి అయింది. కాబట్టి మీ డాక్టర్ షాక్ అంటే సినిమాల్లో చూసింది గుర్తుచేసుకుని లేచి రాకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మత్తు ఇవ్వకుండా షాక్ ఇవ్వడమే నిషిద్ధం.

ఇప్పుడు నాకు కొన్ని వారాలకొకసారి ఒక విడత ఇస్తున్నారు, మధ్యలో ఎడం నెమ్మదిగా పెంచుతున్నారు. వెన్లఫాక్సిన్ ఆపలేదు. కౌన్సెలింగ్ ఫోన్‌లో నడుస్తోంది. నా లెక్కలో ఈ మూడింట్లో ఎక్కువ తక్కువలు లేవు. కెటమైన్ ఇచ్చిన తెరిపిలోనే నేను ఉద్దెర పుస్తకం తెరవగలిగాను. రాని బాకీలు ఏవో, వచ్చేవి ఏవో కౌన్సెలర్‌తో మాట్లాడుతూ విడదీశాను. ఈ వానాకాలం నుంచి కొత్తవాళ్లకు ఉద్దెర లేదని బోర్డు పెట్టాను. ఆ పని ఏ సూదీ చేసిపెట్టదు. తెరిపి ఉన్న రోజుల్ని ఊరికే పోనిస్తే తర్వాతి విడత కోసం ఎదురుచూడటమే మిగులుతుంది.

ఎదురుచూడటం అన్నాను కదా, అలవాటు సంగతి కూడా చెప్పాలి. ఒక దశలో తర్వాతి విడత ముందుకు జరపమని నేనే అడిగాను. ఎందుకు, మనసు బాగాలేకా, ఆ తేలిక కావాలనా అని హైదరాబాద్ డాక్టరమ్మ సూటిగా అడిగి, తేదీ మార్చలేదు. నాకు కోపం వచ్చింది, కానీ ఆమె చేసింది సరైన పనే. మత్తు కోసం దీన్ని ఎక్కువగా వాడేవాళ్లకు మూత్రాశయం పుండుపడి, గంటకోసారి మూత్రం, మంట, రక్తం దాకా వెళ్తుంది. లివర్ కూడా దెబ్బతినవచ్చు. ఆస్పత్రి డోసుల్లో అంత ముప్పు కనిపించలేదంటారు, అయినా నాకు అప్పుడప్పుడు మూత్ర, లివర్ పరీక్షలు చేస్తూనే ఉన్నారు. జ్ఞాపకశక్తి మీద పెద్ద తేడా నాకు తెలియలేదు. మందు వేసిన రోజు, మర్నాడు మాత్రం పేర్లు తడుముకుంటాను.

డబ్బు విషయం. మందు సీసా ఖరీదు చాలా తక్కువ. బిల్లంతా గది, మానిటర్, మత్తు డాక్టర్ ఫీజులదే. పక్క నుంచి కారు కిరాయి, తమ్ముడి రోజు కూలి. ఇన్సూరెన్స్ కంపెనీ 24 గంటలు ఆస్పత్రిలో లేరని, పైగా ఇది ఇంకా ప్రయోగదశలో ఉన్న చికిత్స అని క్లెయిమ్ తిప్పికొట్టింది. మానసిక జబ్బులకూ శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని చట్టంలో ఉంది, ఆ మాట రాసి పంపినా పైసా రాలేదు. మీరైతే ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. ఆరు విడతలకే డబ్బు సర్దుకుని మొదలుపెట్టే కుటుంబాలను చూశాను. తర్వాతి ఏడాది ఖర్చు కూడా ఆలోచించాకే మొదలుపెట్టడం మంచిది, మధ్యలో ఆగిపోతే మనిషి ఇంకా కుంగిపోతాడు.

త్రిపురారం వైపు నుంచి ఒకాయన, 'మా ఊరి ఆర్‌ఎంపీకి మందు దొరుకుతదట, ఇంట్లనే వేయించుకోవచ్చా?' అని అడిగాడు. వద్దే వద్దు. కెటమైన్ 2011 నుంచి మాదకద్రవ్యాల చట్టం కింద, 2013 నుంచి షెడ్యూల్ ఎక్స్ (గట్టి అదుపులో అమ్మాల్సిన మందుల జాబితా) కింద ఉంది, అలా చేతులు మారడమే నేరం. ఊపిరి మందగించినా, బీపీ ఎగబాకినా ఆ ఇంట్లో చూసేవాళ్లెవరూ ఉండరు. హాలీవుడ్ నటుడు మాథ్యూ పెర్రీ 2023లో చనిపోయింది ఇంట్లో, కెటమైన్ ప్రభావంతోనే. డాక్టర్ల దగ్గర చికిత్సగా మొదలై, బయట నుంచి తెప్పించుకునే దాకా వెళ్లింది ఆయన సంగతి.

మనసు మరీ బరువెక్కిన రాత్రి కెటమైన్ అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. టెలీ మానస్ 14416 నంబర్‌కి ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. అపాయం అనిపిస్తే మనిషిని ఒంటరిగా వదలకుండా దగ్గరి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన ప్రతి మందు పేరు, డోసు, ఎన్ని వారాలు వాడారో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. పాత చీటీలు దొరక్కపోతే మెడికల్ షాపు బిల్లులైనా ఏరుకోండి. నాతో పాటు బయట కూర్చున్న ఒక గద్వాల కుటుంబం ఆ వివరాలు లేక, అంత దూరం వచ్చి, పాత మందే పూర్తి డోసులో వాడి చూడమన్న చీటీతో వెనక్కి వెళ్లారు.